అక్కను గేటు దగ్గర దింపిన రోజు

మా అక్కకు క్రికెట్ పిచ్చి అని చెబితే చాలామంది నమ్మరు. యూనివర్సిటీ లేడీస్ హాస్టల్ మెస్సులో ముప్పై ఏళ్లు వంట చేసి రిటైరైన మనిషి. చేతికి ఎప్పుడూ తాలింపు వాసన. అలాంటి మనిషి స్లిప్పు ఫీల్డరు ఒకడుగు వెనక్కి ఎందుకు జరిగాడో చెబుతుంటే కొత్తవాళ్లు నా మొహం చూసేవాళ్లు, నిజమేనా అన్నట్టు.

మేము వారాసిగూడలో రెండు గదుల ఇంట్లో పెరిగాం. నాన్న పని నుంచి వచ్చి నిద్రపోయేవాడు కాబట్టి అక్క రేడియో సౌండు బాగా తగ్గించి, చెవికి ఆనించుకొని కామెంటరీ వినేది. హిందీలో వచ్చేది. అర్థమైనంత నాకు చెప్పేది. ఆఫ్ సైడ్ ఏది, లెగ్ సైడ్ ఏది అని బొగ్గుతో అరుగు మీద గీసి చూపించింది కూడా అక్కే. తర్వాత మెస్సులో చేరాక, మధ్యాహ్నం వంట పాత్రలు తోమడం అయిపోగానే క్యాంపస్ గ్రౌండు మెట్ల మీద కూర్చొని స్టూడెంట్ల మ్యాచులు చూసి ఇంటికి వచ్చేది. హాస్టల్‌లో బౌలింగ్ చేసే అమ్మాయిలకు పప్పు ఒక గరిటె ఎక్కువ పడేదని చెప్పుకునేవాళ్లు.

అయితే ఎన్నడూ స్టేడియంలో అడుగు పెట్టలేదు. బావకు ఆటలంటే పట్టదు. నేను అదే యూనివర్సిటీలో పరీక్షల విభాగంలో గుమాస్తాను, తార్నాకలో అక్క వాళ్ల వెనక వీధిలోనే ఉంటాను. పక్కనే స్టేడియం ఉన్నా ఒక్కసారైనా అక్కను తీసుకుపోదామని నాకు తోచలేదు. ఆ మాట ముందే చెప్పుకోవాలి.

మూడేళ్ల కింద, ఎండాకాలంలో, నా పక్క సీటులో పనిచేసే ఆయన రెండు టికెట్లు తెచ్చి నా టేబుల్ మీద పెట్టాడు. కూతురికి జ్వరమట, పోలేనన్నాడు. ఆదివారం మధ్యాహ్నం మ్యాచు. అక్కకు ఇష్టమైన ఓపెనర్ ఆడుతున్న చివరి సీజన్ అది. అప్పటికే పేపర్లలో రాశారు. వెంటనే అక్కకు ఫోన్ చేశాను.

"అక్కా, ఆదివారం మ్యాచుకు పోదామా?"

"మీ ఇంట్ల టీవీ పెద్దగున్నదనా?"

"టీవీ కాదు. స్టేడియంకే. టికెట్లున్నయ్."

"నిజంగనా రా?" అన్నది. అరవై దాటిన మనిషి గొంతు కాదది.

సాయంత్రం ఇంటికి పోతే అన్నీ ఆలోచించి పెట్టుకున్నది. "మెట్రోల పోదాం తమ్మీ. తార్నాకల ఎక్కితే మూడో స్టేషన్ల దిగుడే. గేటు ముందరే అంట."

"నీ మోకాలితోని ఆ జనంల ఎట్ల నిలబడ్తవ్? కారున్నది కదా. గేటు దాక తీస్కపోత."

"స్టేషన్ల లిఫ్టు ఉన్నది కదరా."

"అరే, ఊకో అక్కా. నేను చూస్కుంట."

మోకాలి మాట నిజమే. కానీ అది సగమే నిజం. ఆ ఎండాకాలమే కారు కొన్నాను. మా ఇంట్లో అదే మొదటి కారు. ముందు సీట్లో అక్కను కూర్చోబెట్టుకొని స్టేడియం ముందు దిగాలని నాకు ఉండింది. ఆ కోరిక ఆమెది కాదు, నాది.

ఆదివారం ఒంటిగంటన్నరకే తయారై మెట్ల కింద నిలబడ్డది. మన టీమ్ రంగు చీర కట్టుకున్నది. ఆ రంగు చీర అక్కకు లేదని నాకు తెలుసు. అంచుకు ఫాల్ కొత్తగా కుట్టించినట్టు కనిపించింది. ఇద్దరం బయలుదేరాం. సంచీలు లోపలికి రానియ్యరని చెప్పి, ఆమె చేతిసంచి వెనక సీట్లో పెట్టించాను. ఫోను అందులోనే ఉన్నది.

హబ్సిగూడ దాకా బాగానే పోయాం. ఆ తర్వాత బండి నడిచింది లేదు, జరిగింది. స్టేడియం రోడ్డు మలుపు దగ్గర కానిస్టేబుల్ అద్దం కొట్టాడు.

"పాస్ ఉన్నదా?"

"టికెట్లున్నయ్ సార్."

"టికెట్ కాదన్నా, పార్కింగ్ పాస్. లేకుంటే సీదా పో. గీడ ఆపకు."

పార్కింగ్‌కు వేరే పాస్ ఉంటుందని నాకు తెలియదు. టికెట్లు ఇచ్చినాయన చెప్పలేదు. నేనూ అడగలేదు. వెనక హారన్లు మొదలైనయి. అక్క మెల్లగా అన్నది: "తమ్మీ, ఇంక టైమున్నది. బండి ఇంటికాడ పెట్టి మెట్రోల వద్దాం."

అప్పుడు రెండుంబావు. మ్యాచు మూడున్నరకు. నిజంగానే టైమున్నది. వెనక్కి తిరిగి ఉంటే టాస్ కూడా చూసేవాళ్లం. నేను వినలేదు. ఇంత దూరం వచ్చి ఓడిపోయి తిరిగిపోయినట్టు అనిపించింది. ఎవరి మీద ఓడిపోవడమో ఇప్పటికీ చెప్పలేను.

గేటుకు దగ్గరగా బండ్లు ఒకచోట ఆగినయి. "నువ్వు దిగు అక్కా. ఆ గేటు పక్కన నీడల నిలబడు. పది నిమిషాల్ల బండి పెట్టి వస్త" అన్నాను.

అక్క తలుపు తీసి ఒక కాలు కింద పెట్టి, నా వైపు తిరిగింది. "నా టికెట్ నాకియ్యి. లోపలికి పోయి కూసుంట. నువ్వు నిమ్మలంగ రా."

టికెట్లు రెండూ నా చొక్కా జేబులో ఉన్నయి. తీసి ఇవ్వడానికి ఒక్క క్షణం పట్టేది.

"నీకేం తెలుస్తది అక్కా, ఏ బ్లాకో, ఏ వరుసో. లోపల తప్పిపోతవ్. నేనొస్త కదా."

ఆమె నన్ను చూసింది. కోపంగా కాదు. "సరే" అని దిగిపోయింది.

నాలుగు వందల మందికి లెక్క తప్పకుండా వండిపెట్టిన మనిషి. నన్ను కాలేజీలో చేర్పించడానికి సర్టిఫికెట్లు పట్టుకొని, ఏ కౌంటర్‌లో ఏం అడగాలో కనుక్కుంటూ, నా చెయ్యి పట్టుకొని తిప్పిన మనిషి. ఆమె ఒక కుర్చీ నంబరు వెతుక్కోలేదని నాకెట్లా అనిపించిందో.

తర్వాత రెండు గంటలు నేను పార్కింగ్ కోసం తిరిగాను. మొదటి స్థలంలో తాడు అడ్డం కట్టి ఉన్నది. విజిల్ మెడలో వేసుకున్న మనిషి దూరం నుంచే చెయ్యి ఊపాడు, నిండిపోయిందని. రెండోది పాస్ ఉన్నవాళ్లకే. రామంతపూర్ వైపు గల్లీల్లోకి దూరాను. ప్రతి ఇంటి ముందూ రాళ్లో, పూలకుండీలో, విరిగిన కుర్చీలో అడ్డంగా పెట్టి ఉన్నయి. ఒకచోట ఖాళీ కనిపించి ఆపబోతే, గేటులో కుర్చీ వేసుకొని కూర్చున్న పెద్దామె "మా కోడలు వస్తది, తియ్యి" అన్నది. ఇంకో గల్లీ చివర గోడ వచ్చింది. అక్కడి నుంచి రివర్సులో వచ్చాను. ఏసీ వేసినా చొక్కా వీపుకు అతుక్కుపోయింది. కారులో రేడియో పెట్టాను. టాస్ అయిపోయింది, మన టీమే బ్యాటింగ్ అన్నారు.

మళ్లీ మెయిన్ రోడ్డు ఎక్కి, చాలా దూరం పోయి యూ టర్న్ తీసుకొని వస్తుంటే, డివైడర్ అవతల అక్క కనిపించింది. గేటు పక్కనే, నేను చెప్పిన చోటే. నీడ జరిగిపోయి ఎండలో నిలబడ్డది. చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకొని వచ్చే బండ్లను చూస్తున్నది. హారన్ కొట్టాను. అన్ని హారన్లలో నాది ఎవరికి వినపడుతుంది? అప్పుడైనా బండి ఆపి, డివైడర్ దాటి పోయి, టికెట్ ఇచ్చి రావచ్చు. వెనకవాళ్లు తిట్టేవాళ్లు. అంతకంటే ఏం కాకపోయేది. నేను ముందుకు పోయాను.

చివరికి ఒక ఫంక్షన్ హాల్ వెనక, ఇటుకల కుప్పకూ ముళ్లకంపకూ మధ్య చోటు దొరికింది. నా వైపు తలుపు తెరుచుకోక పక్క సీట్లోంచి దిగాను. వస్తున్నానని చెబుదామని అక్కకు ఫోన్ చేస్తే, వెనక సీట్లో సంచి మోగింది. అక్కడి నుంచి గేటు దాకా పరుగు, నడక. నాలుగూ ముప్పావు అయింది.

అక్క గేటు దగ్గర లేదు. ఆ చివరి నుంచి ఈ చివరికి రెండుసార్లు తిరిగాను. అప్పుడు బారికేడ్ల వెనక ఫుట్‌పాత్ మీద కనిపించింది. చెంపల మీద జెండా రంగులు వేసే ఒకామె పక్కన, బోర్లించిన ప్లాస్టిక్ డబ్బా మీద కూర్చొని నవ్వుతున్నది. అక్క చెంప మీద కూడా చిన్న గీత వేసి ఉన్నది. లోపల జనం అరిచారు. అక్క వేలెత్తి ఆ రంగులామెకు చెబుతున్నది: "గిది ఫోరు. సిక్సయితే ముందు ఒక్కసారి ఆగి, అటెంక లేస్తది. మనోడు ఔటయితే చప్పుడు కిందికి పోతది, చూడు."

రెండు గంటలు గోడ బయట ఉండి, ఆట మొదలైనప్పటి నుంచి చెవులతో మ్యాచు చూసింది. అది ఆ క్షణంలో నాకు అర్థం కాలేదు. నాకు భయం ఒక్కటే ఉండింది, అది కోపంగా బయటికి వచ్చింది.

"గేటు పక్కనే నిలబడుమని చెప్పిన కదా! ఎంత దేవులాడిన్నో తెలుసా? ఒక్క దగ్గర నిలబడుడు కూడ రాదా నీకు?"

చుట్టూ ఉన్నవాళ్లు తిరిగి చూశారు. అక్క నవ్వు ఆగిపోయింది. రంగులామె బ్రష్ పక్కన పెట్టింది. "ఏందన్నా గట్లంటవ్? గంటకెక్కువ నిలబడ్డది ఆమె. కాళ్లు వణుకుతుంటే నేనే తోల్కొచ్చి కూసోబెట్టిన."

కొంగుతో చెంప మీది రంగు తుడుచుకున్నది. పూర్తిగా పోలేదు. "పద తమ్మీ" అని లేచింది.

లోపలికి పోయేసరికి మన బ్యాటింగ్ చివరికి వచ్చింది. ఆ ఓపెనర్ ఎప్పుడో ఔటై పోయాడు. పక్క సీటాయనను అక్క అడిగింది, ఎట్ల ఆడిండు బాబూ అని. ఆయన చేతులు తిప్పుతూ ఒక్కో షాటూ చెప్పాడు. అక్క తల కొంచెం వంచి, రేడియో విన్నట్టే విన్నది. తర్వాత రెండో ఇన్నింగ్స్ మొత్తం చూసింది. నేను మధ్యమధ్య "మంచిగ కనిపిస్తున్నదా?" అని అడిగాను. "ఆ, మంచిగున్నది" అన్నది. అంతే. ఫీల్డింగ్‌లో ఎవరు ఎక్కడ ఎందుకు నిలబడ్డారో ఒక్క మాట చెప్పలేదు. ఆమె పక్కన నేను అంత నిశ్శబ్దంగా మ్యాచు చూడడం అదే మొదటిసారి. మన టీమ్ గెలిచింది.

బయటికి వచ్చాక మెట్రో మెట్లు కళ్ల ముందే ఉన్నయి. "నువ్వు మెట్రోల పోతవా అక్కా? బండి చాన దూరమున్నది" అన్నాను.

"నా సంచి బండిల ఉన్నది" అన్నది. ఇంటి తాళం ఆ సంచిలోనే ఉన్నది, బావ ఊరికి పోయాడు.

ఇద్దరం నడిచాం. ఆమె నా చెయ్యి పట్టుకోలేదు. కరెంటు స్తంభాలు పట్టుకుంటూ, ఆగుతూ నడిచింది. నా కారుకు అడ్డంగా ఇంకెవరిదో కారు ఉంటే, వాళ్లు వచ్చేదాకా ఇటుకల మీద కూర్చున్నాం. నేను పోలీసులను తిట్టాను, పాస్ సంగతి చెప్పనాయనను తిట్టాను, రోడ్లను తిట్టాను. అక్క మోకాలు రుద్దుకుంటూ ఊ కొట్టింది.

మరునాటికి మోకాలు వాచింది. పది రోజులు మంచం దిగలేదు. ఆరు నెలలకు ఆపరేషన్ చేయించాం. ఎట్లాగూ చేయించాల్సిందేనని డాక్టరు అన్నాడు. ఆ మాట పట్టుకొని నేను కొన్నాళ్లు ఊపిరి పీల్చుకున్నాను. ఆఫీసులో ఆ రోజు కథ చాలాసార్లు చెప్పాను. గోడ వచ్చిన గల్లీ, కోడలు వస్తుందన్న పెద్దామె, పక్క సీట్లోంచి దిగడం. అందరూ పడీపడీ నవ్వేవాళ్లు. ఆ కథలో అక్క ఉండేది కాదు. పార్కింగ్ దొరకక అవస్థ పడింది నేను ఒక్కణ్నే అన్నట్టు చెప్పేవాణ్ని.

మరుసటి సీజన్‌లో టికెట్లు నేనే సంపాదించి పోయి అడిగాను. "ఈసారి మెట్రోల పోదాం అక్కా."

"వద్దు తమ్మీ. టీవీల దగ్గరగ కనిపిస్తది."

తర్వాత కొన్ని నెలలకు బావ మాటల్లో బయటపడింది. అమ్మాయిల మ్యాచు ఏదో జరిగితే, మెస్సులో తనతో పనిచేసిన ఇద్దరితో కలిసి అక్క స్టేడియంకు పోయి వచ్చిందట. మొదట నాకు కష్టంగా అనిపించింది. సాయంత్రమే పోయి అడిగాను, నాకెందుకు చెప్పలేదని.

"చెప్తే కారు తీస్తవని" అని నవ్వింది.

నేనూ నవ్వాను. వంటింట్లో స్టూలు మీద కూర్చున్నాను. ఆమె చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నది. ఎన్నాళ్లుగానో నోటిదాకా వచ్చి ఆగిపోయిన మాట అప్పుడు అన్నాను. "ఆ రోజు నీ టికెట్ నీకియ్యవలసి ఉండె అక్కా. గందరి ముందట నీ మీద అరవకపోవలసి ఉండె."

పోనీలే అంటుందనుకున్నాను. చిన్నప్పటి నుంచి నేను ఏం చేసినా ఆ మాటే అనేది.

"ఔ" అన్నది. చేతిలో చిక్కుడుకాయ విరిచింది. "గేటు కాడ పోలీసాయన వచ్చి టికెట్ చూపియ్యమన్నడు. లేదన్న. మరి గీడెందుకు నిలబడ్డవమ్మా, జరుగు అన్నడు. మా తమ్ముడు వస్తున్నడు సార్ అన్న. జర సేపైనంక మళ్ల వచ్చిండు. మళ్ల గదే చెప్పిన. నాలుగుసార్లు వచ్చిండు తమ్మీ. నాలుగోసారి చెప్తుంటే ఆయన నవ్విండు."

ఈ సంగతి అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదట, బావకు కూడా. నేను పళ్లెం దగ్గరికి జరుపుకొని ఈనెలు తీయడం మొదలుపెట్టాను. బయట చీకటి పడుతుంటే అక్క లేచి లైటు వేసింది.