డేరాలో బొమ్మ మసకబారిన రోజు

నా చిన్నప్పుడు తెరమీద బొమ్మ మసకగా పడితే మీటలు నొక్కి సరిచేసుకునే యోగం ఎవరికీ లేదు. రాళ్ళు విసిరేవాళ్ళు. మా సుల్తానాబాద్‌లో వరికోతలు అయిపోగానే పొలంలో డేరా టాకీసు వెలిసేది. ముందు నేల, వెనక బెంచీలు, ఆ వెనక రేకుల గదిలో మిషను. దాన్ని నడిపే ఆయనను అందరం మిషను చాచా అనేవాళ్ళం. రెండు బొగ్గు కడ్డీలను దగ్గరగా చేర్చి మండిస్తే వచ్చే వెలుగుతోనే తెరమీద బొమ్మ పడేది. కడ్డీలు అరిగి ఎడం పెరిగితే బొమ్మ నల్లబడేది. చాచా మర తిప్పి మళ్ళీ దగ్గరికి జరిపేవాడు.

ఒక సాయంత్రం మా బాపు నన్ను వెంటబెట్టుకుని బెంచీ మీద కూర్చున్నాడు. బాపుకు కోపం ముక్కు మీదే ఉండేది. అది నాకూ వచ్చిందని అవ్వ, అంటే మా అమ్మ, అనేది. తెరమీద కత్తియుద్ధం మంచి పట్టులో ఉండగా బొమ్మ మసకబారింది. "బుడ్డిదీపం వెట్టినవా చాచా? జర వెలుగు వెంచు!" అని బెంచీలవాళ్ళు అరిచారు. తొందరలో చాచా ఏం తిప్పాడో, వెలుగు రాలేదు సరికదా బొమ్మ కిందికి జారింది. పైన కాళ్ళు, కింద తలలు. ఎవరో నవ్వారు. ఎవరో తెరకేసి రాయి విసిరారు. అది తెరను చేరలేదు, నేలమీద కూర్చున్న ఒకతని నెత్తి పగలగొట్టింది.

అంతే, నేలవాళ్ళంతా లేచి వెనక్కి దూసుకొచ్చారు. బెంచీలు విరిగాయి. ఇంకో రాయి రేకుల గదిలోకి దూరి చాచాకు తగిలింది. మర తిప్పేవాడు లేక ఆ కాస్త వెలుగూ ఆరిపోయింది. కన్ను పొడుచుకున్నా కనిపించని చీకటి. కర్ర ఎముకకు తగిలితే వచ్చే చప్పుడు నేను మొదటిసారి అప్పుడే విన్నాను. బాపు నన్ను వెనక దాచుకొని, విరిగిన బెంచీ పలకతో ఎదురొచ్చినవాణ్ణల్లా బాదుతున్నాడు. నా మొహం మీద వెచ్చగా ఏదో చిందింది, పెదవికి ఉప్పగా తగిలింది. ఒక మనిషి మా ముందే కూలిపోయాడు. "పాణం దీస్త కొడుకా!" అంటూ బాపు మళ్ళీ కొట్టాడు. ఇంకొక దెబ్బ పడితే ఆ మనిషి బతకడని పిల్లదాన్నైనా నాకు తెలిసింది. బాపు ధోతి పట్టుకుని ఏడ్చాను. ఆ గోలలో ఎవరి ఏడుపు ఎవరికి వినబడుతుంది?

అప్పుడు దెబ్బ నుంచి తేరుకున్న చాచా మిషన్లోంచి రీలు పీకేసి, కడ్డీలు మండించి, ఉన్న వెలుగంతా తెరమీదికి వదిలాడు. బొమ్మ లేదు, ఉత్త తెల్లటి తెర. డేరా అంతా పట్టపగలైంది. ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఆగిపోయాయి.

బాపు కాళ్ళ దగ్గర పడి ఉన్నది మా చిన్నమామ, మా అవ్వ తోడబుట్టిన తమ్ముడు. సినిమా మొదలయ్యాక వచ్చి నేలమీద కూర్చున్నాడట. ఒక మోచెయ్యి విరిగి వేలాడుతోంది. రెండో చేతిలో ఆయనకూ ఒక బెంచీ కాలు ఉంది. "నువ్వా బావా?" అన్నాడు. బాపు చేతిలోంచి పలక జారిపోయింది.

నెత్తురు కారే మొహంతో చాచా గదిలోంచి బయటికి వచ్చాడు. ఎవరినీ తిట్టలేదు. "ఇగ చూస్కోండ్రి. గిప్పుడు సాఫ్‌గ కనవడ్తుందా?" అని అడిగాడు. ఒక్కొక్కరే చేతుల్లోని కర్రలు కింద పడేశారు.

మామ చెయ్యి వంకరగానే అతికింది. ఆ తరువాత ఆయన ఎప్పుడు మా ఇంటికి వచ్చినా, ఆ చేత్తో అన్నం కలుపుకుంటుంటే బాపు తల ఎత్తేవాడు కాదు. నాకు ఇద్దరి మీదా జాలేసేది.

మొన్న మా మనవడు కొత్త టీవీ సెట్టింగుల్లోకి వెళ్ళి, వెలుగు, రంగు, నలుపు ఒక్కొక్కటే పెంచుతూ తగ్గిస్తూ, "అమ్మమ్మా, గిప్పుడు సాఫ్‌గ కనవడ్తుందా?" అని అడిగాడు.

బాపు కోపం నాకు వచ్చిందన్నాను కదా, ఈ వయసులోనూ పోలేదు. కానీ ఎవరి మీద ఎంత మండిపడినా ముందు లేచి గదిలో లైటు వేస్తాను. ఎదుటి మనిషి మొహం చూస్తాను. ఆ తరువాతే నోరు తెరుస్తాను.