నలభై ఒకటో నంబరు బిళ్ల

చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ కింద బస్సు దిగి నడుస్తుంటే, కుట్టుమిషన్లు బాగుచేసే ఒకాయన రేకు పళ్లెంలో కిరోసిన్ పోసుకుని చిన్న చిన్న పళ్లచక్రాలు కడుగుతూ కనిపించాడు. ఆ వాసనకు అక్కడే నిలబడిపోయాను. విమానంలో పోసే ఇంధనం కూడా దాదాపు ఇదే వాసన వేస్తుంది. చాలామందికి అది తలనొప్పి తెప్పిస్తుంది. నాకు మాత్రం రత్నమన్నను గుర్తు తెస్తుంది. ఆయన గుర్తొస్తే కళ్లు తడవాలి, న్యాయంగా. కానీ నాకు ముందు కోపం వస్తుంది. ఇన్నేళ్లయినా ఆ కోపం ఇంచు తగ్గలేదు, తగ్గించుకోవాలని నేనూ అనుకోలేదు.

ఆయన అసలు పేరు యేసురత్నం. ఒక ప్రైవేటు విమానాల కంపెనీలో, విమానాలు నిలిపి బాగుచేసే పెద్ద షెడ్డులో సీనియర్ టెక్నీషియన్. కంపెనీ మొదటి విమానం వచ్చిననాటి నుంచీ ఉన్నవాడు. నేను పాతబస్తీ ఛత్రినాక పిల్లను. నాన్న ఆటో నడిపేవాడు. డిప్లొమా అయ్యాక అక్కడ ట్రైనీగా చేరాను. పొద్దున్నే చాంద్రాయణగుట్ట చౌరస్తాలో కంపెనీ బస్సు ఎక్కితే శంషాబాద్ వైపు తీసుకెళ్లేది. మొదటి రోజు ఆ బస్సులో నా పక్క సీటులో కూర్చున్నది ఆయనే. మా నాన్న వయసు ఉంటుంది, అయినా షెడ్డులో అందరికీ అన్నే.

"మీ ఇంట్ల ఎవరన్న విమానం ఎక్కిన్రా బిడ్డా?" అని అడిగాడు.

"లేదన్నా. దూరం నుంచి చూసుడే."

"మంచిదే. భయం ఉంటది. భయం ఉన్నోల్లే మంచిగ బిగిస్తరు."

మెచ్చుకున్నాడో, ఆటపట్టించాడో ఆ రోజు నాకు అర్థం కాలేదు.

మా షెడ్డులో ఒక పద్ధతి ఉండేది. పనిముట్ల గదిలో గోడంత పలక, దాని మీద ప్రతి పనిముట్టు ఆకారమూ నల్ల రంగుతో గీసి ఉండేది. ఒక్కొక్కరికి తన నంబరు చెక్కిన ఇత్తడి బిళ్లలు ఐదు ఇచ్చేవారు. పానా తీసుకుంటే ఆ ఖాళీలో నీ బిళ్ల తగిలించాలి. తిరిగి పెట్టినప్పుడు నీ బిళ్ల నువ్వు తీసుకోవాలి. పలక మీద ఒక్క బిళ్ల వేలాడుతున్నా విమానం షెడ్డు దాటకూడదు. ఎందుకంటే ఆ పానా ఏ ఇంజను సందులోనో ఉండిపోయి ఉండొచ్చు. ఇంకో నియమం కూడా ఉంది, రాతలో లేదు కానీ అందరికీ తెలుసు. ఒకరి బిళ్లను ఇంకొకరు ముట్టకూడదు. పానా ఎక్కడ వాడాడో, పని ఎంతవరకు వచ్చిందో తెలిసినవాడు తగిలించినవాడే. రత్నమన్నది నలభై ఒకటో నంబరు.

చేరిన మూడో నెలలో నేను ఒక చిన్న అద్దం పోగొట్టాను. సందుల్లోకి పెట్టి చూసే పిడి అద్దం అది. షిఫ్టు అయిపోవచ్చింది, నా బిళ్ల పలక మీదే ఉంది, అద్దం లేదు. ఎవరికీ చెప్పకుండా గంటసేపు వెతికాను. రత్నమన్న నా మొహం చూసి పట్టేశాడు.

"ఏం పోయింది?"

"అద్దం. సార్‌కు చెప్తరా అన్నా మీరు? నన్ను తీసేస్తరు."

"నేనెందుకు చెప్తా? పోగొట్టింది నువ్వు. నువ్వే పోయి చెప్పు. చెప్పినోల్ల మీద ఈడ ఎవరూ కోపం చెయ్యరు. దాచిపెట్టినోల్లనే నమ్మరు."

వెళ్లి చెప్పాను. విమానం ఆగిపోయింది. షిఫ్టంతా ఇంటికి పోకుండా నా అద్దం కోసం నేల మీద పాకింది. చివరికి అది పాత గుడ్డల మూటలో దొరికింది. అప్పటి ఇన్‌ఛార్జి తిట్టలేదు సరికదా, చెప్పినందుకు నా పేరు రాసి పలక పక్కన అంటించాడు. అలాంటి రోజులు ఆ కంపెనీలోనూ ఉండేవి. ఆ సంగతి రాయకపోతే అన్యాయం చేసినదాన్నవుతాను.

ఒకసారి పెళ్లిరోజుకు భార్య మరియమ్మక్కకు గాజులు కొనాలంటూ నన్ను లాడ్ బజార్‌కు తోడు తీసుకెళ్లాడు. రాళ్లు పొదిగిన లక్క గాజులను ఒక్కొక్కటీ లైటు కింద పెట్టి, గోటితో ప్రతి రాయినీ తడుముతూ కూర్చున్నాడు. దుకాణదారుకు విసుగొచ్చింది. రత్నమన్న రాయి కదులుతున్న ఒక గాజు వెనక్కి ఇచ్చి, "భాయ్, ఇస్‌కా ఏక్ నగ్ హిల్‌రా" అన్నాడు.

"ఇత్తా కౌన్ దేఖ్తా సాబ్?"

"హమ్ దేఖ్తే. హమారా కామ్‌హీచ్ దేఖ్నేకా హై."

ఇంత ఎవరు చూస్తారంటే, చూడటమే మా పని అని జవాబు. దుకాణదారు నవ్వి గాజు మార్చి ఇచ్చాడు, చాయ్ కూడా తెప్పించాడు. నేను మాత్రం సిగ్గుతో చచ్చాను. ఇప్పుడు నేను టమాటాలు ఏరుకుంటుంటే మా ఆయన అలాగే సిగ్గుపడతాడు.

ఇక నా కోపానికి కారణమైన రోజు సంగతి. దానికి నెల ముందే యజమాని స్వయంగా వచ్చాడు. కంపెనీ పుట్టినరోజు అని ఒక్కొక్కరి చేతిలో లడ్డూ పెట్టి, మనమంతా ఒక కుటుంబం అన్నాడు. నేను చప్పట్లు కొట్టాను. ఆ చప్పట్లు తలుచుకుంటే ఇప్పటికీ నా చేతుల మీద నాకే కోపం వస్తుంది.

పొద్దున పది దాటింది. రత్నమన్న ఒక విమానం ఎడమ చక్రానికి కొత్త బ్రేకు బిగిస్తున్నాడు. నేను పక్క విమానం దగ్గర ఉన్నాను. షెడ్డులోకి ఫోన్లు తేకూడదు, అందరివీ లాకర్లలో ఉంటాయి. ఆ లాకర్లలో ఉన్న ఫోన్లకు ఉద్యోగాలు పోయాయని మెయిళ్లు వచ్చి పడ్డాయి. ఎవరికీ తెలియదు. ఉద్యోగం పోయిన మనిషి ఉద్యోగం చేస్తూనే ఉన్నాడు. హెచ్.ఆర్. నుంచి ఒక కుర్ర ఆఫీసరు, వెంట ఒక గార్డు, చేతిలో కాగితం. ఒక్కొక్కరి పేరూ చదువుతూ వచ్చారు.

"యేసురత్నం గారూ, మీరు బయటికి రావాలి."

"పది నిమిషాలు ఆగు సార్. నాలుగు బోల్టులు ఉన్నయి."

"ఇక మీరు దేన్నీ ముట్టుకోకూడదు. సిస్టమ్‌లో మీ పేరు లేదు. మెయిల్ చూసుకోలేదా?"

"ఫోన్లు లాకర్ల పెట్టిచ్చింది మీరే గద సార్."

ఆఫీసరు గార్డుకు సైగ చేశాడు. గార్డు రత్నమన్న మోచెయ్యి పట్టుకున్నాడు. పదకొండేళ్లుగా రోజూ నమస్తే పెట్టిన గార్డే, పాపం, ఎటో చూస్తూ పట్టుకున్నాడు. రత్నమన్న నా వైపు తిరిగాడు.

"బిడ్డా, ఎడమ చక్రం. ఎనిమిదిట్ల నాలుగు బోల్టులు చేతితోనే తిప్పి పెట్టిన. రెంచి ఇంకా వెయ్యలే. రెంచి చక్రం మీద గూట్ల ఉన్నది, ఎర్ర గుడ్డ చుట్టిన."

"మాట్లాడకండి, నడవండి" అన్నాడు ఆఫీసరు. రత్నమన్న అదే మాట ఇంకోసారి, షెడ్డంతా వినేలా చెప్పాడు. నన్నెందుకు తీసేశారని మాత్రం అడగలేదు. మా షిఫ్టులో సగం మంది అలా వెళ్లిపోయారు.

పావుగంటలో మేనేజర్ నా దగ్గరికి వచ్చాడు. అప్పటికి నాకు, పని సరిగ్గా ముగిసిందని సంతకం పెట్టే అధికారం వచ్చి రెండేళ్లయింది.

"సరితా, ఆ బ్రేకు పని నీ పేరు మీద ముగించు. ఒంటిగంటకు ఫ్లైట్ ఉంది."

"నేను చూడలే సార్."

"రత్నం చేసిన పని కదా. ఆయన పనినే అనుమానిస్తావా?"

"నాలుగు బోల్టులు బిగియ్యలేదని ఆయనే చెప్పిండు సార్."

"ఇంకో లిస్టు కూడా ఉంది. తెలుసు కదా?"

నాన్న చూపు మందగించి ఆటో అమ్మేసిన రోజులవి. ఇంట్లో పనికి వెళ్లేది నేనొక్కదాన్నే. కానీ అద్దం పోయిన రోజు నేల మీద పాకిన షిఫ్టంతా కళ్ల ముందుకొచ్చింది. లాగ్‌బుక్ తీసి, ఎడమ చక్రం బ్రేకుకు నాలుగు బోల్టులు బిగించలేదు, విమానం ఎగరడానికి సిద్ధంగా లేదు అని రాసి, కింద నా సంతకం పెట్టాను. ఆ రాత ఒకసారి పడితే మేనేజర్ కూడా చెరపలేడు. తర్వాత గూట్లోంచి ఎర్ర గుడ్డ విప్పి రెంచి తీశాను. ఆయన బిగించేసిన నాలుగింటితో సహా ఎనిమిది బోల్టులూ మళ్లీ కొలిచి బిగించి, ఆ సంగతీ లాగ్‌బుక్‌లో రాసి సంతకం పెట్టాను. రెంచిని పనిముట్ల గదికి తీసుకెళ్లాను. దాని ఆకారం మీద నలభై ఒకటి వేలాడుతోంది.

వెంట వచ్చిన మేనేజర్ ఆ బిళ్ల తీయడానికి చెయ్యి చాచాడు.

"ముట్టకుండ్రి సార్" అన్నాను.

నా వెనక మిగిలిన షిఫ్టంతా నిలబడి ఉంది. ఎవరూ పనిలోకి కదల్లేదు. అందరూ పలకనే చూస్తున్నారు. మేనేజర్ చెయ్యి దించాడు. మనిషిని బయటికి గెంటినవాళ్లు ఆయన బిళ్ల పలక మీద ఉందన్న సంగతే చూసుకోలేదు. అంత పెద్ద పెద్ద చదువులు చదివి, ఆ సంగతి చూసుకోలేదు.

రత్నమన్నను పిలుచుకు రమ్మని నన్నే గేటు దగ్గరికి పంపారు. అక్కడ చూసిందాన్ని నేను ఎన్నటికీ క్షమించలేను. ఒక రెంచి కనబడటం లేదని అంతకుముందే గేటుకు ఫోన్ వెళ్లిందట. అది ఎక్కడుందో రత్నమన్న ఎంత చెప్పినా వినకుండా ఆయన సంచి సిమెంటు నేల మీద బోర్లించారు. టిఫిన్ గిన్నె మూత తీసి, పప్పులో చెంచా పెట్టి కలిపి మరీ చూశారు. ఆయన కళ్లజోడు చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"బోల్టులు?" అన్నాడు నన్ను చూడగానే.

"ఎనిమిదీ బిగించిన అన్నా. మీ బిళ్ల పలక మీదనే ఉన్నది. మిమ్మల్ని రమ్మంటున్రు." నాకు ఒళ్లు మండిపోతోంది. "పోవద్దన్నా. ఆగనియ్యండి విమానం. ఇంత చేసినంక మీరెందుకు పోవాలె?"

ఆయన టిఫిన్ గిన్నెకు మూత పెట్టుకున్నాడు. "విమానంల కూసునేటోల్లు తీసేసిన్రా బిడ్డా మనల్ని?" అన్నాడు.

పాత గేటు కార్డు ఇక పనిచేయదు కనుక ఆయనకు సందర్శకుల కార్డు ఇచ్చారు. పదకొండేళ్లు పనిచేసిన షెడ్డులోకి సందర్శకుడు. పుస్తకంలో 'వచ్చిన పని' అన్న చోట 'బిళ్ల తీసుకోవడానికి' అని గుండ్రటి అక్షరాలతో రాశాడు. లోపలికి వచ్చి ముందు చక్రం దగ్గర వంగి, చేతులు వెనక్కి కట్టుకుని, ఎనిమిది బోల్టులూ కళ్లతో చూశాడు. ముట్టుకునే హక్కు లేదు కదా. "మంచిగ చేసినవ్" అన్నాడు. రెంచిని దాని ఆకారంలో పెట్టి, బిళ్ల తీసి, ప్యాంటుకు తుడిచి, జేబులో ఉన్న నాలుగింటితో కలిపి ఐదూ మేనేజర్ బల్ల మీద పెట్టాడు. విమానం ఆలస్యంగానైనా ఎగిరింది. లిస్టులో ఉన్నవాళ్లను కంపెనీ బస్సు ఎక్కించుకోకూడదని ఆర్డరు ఉండటంతో, ఆయన ఎండలో మెయిన్ రోడ్డు దాకా నడిచి వెళ్లాడు.

తర్వాత వచ్చిన ఉత్తరంలో ఆయన పనితీరు సంతృప్తికరంగా లేనందున తొలగిస్తున్నామని రాశారు. ఆ ఒక్క వాక్యం చూసి ఇంకో కంపెనీ ఏదీ ఆయన్ను తీసుకోలేదు. రెండు నెలల తర్వాతి లిస్టులో నా పేరూ వచ్చింది. నేను ఇప్పుడు లిఫ్టుల కంపెనీలో ఇన్‌స్పెక్టర్ని. రత్నమన్న తన బస్తీలోనే ఒక ఫంక్షన్ హాల్లో జనరేటర్ చూసుకునే పనికి కుదిరాడు. చూడటానికి వెళ్తే ఆ ఇరుకు గది గోడ మీద పానాల ఆకారాలు నల్ల రంగుతో గీసి ఉన్నాయి. బిళ్లలకు బదులు మరియమ్మక్క పాత లక్క గాజులు ఐదు. గదిలో పనిచేసేది ఆయనొక్కడే.

"ఎవరు చూస్తరన్నా ఈడ?" అని నవ్వాను.

"నేను చూస్త" అన్నాడు.

ఆయన ఎవరినీ తిట్టగా నేను వినలేదు. ఆయన తరఫున నేను తిడతాను. అలాంటి మనుషులు ఎంత అవమానించినా పని చెడగొట్టరన్న ధైర్యంతోనే ఆ కంపెనీ వాళ్లను అంత తేలిగ్గా గేటు బయట నిలబెట్టింది. వాళ్ల నిజాయితీని వాడుకుని, పనితీరు బాగాలేదని రాసి పంపింది.

పోయిన ఏడాది ఒక మధ్యాహ్నం రత్నమన్న ఆ గదిలోనే కూలబడి, ఆసుపత్రికి చేరేలోపే పోయాడు. దినం అయ్యాక మరియమ్మక్కతో కలిసి ఆయన సామాన్లు తేవడానికి వెళ్లాను. గోడ మీద ఒక గాజు వేలాడుతోంది, దాని చోట పానా లేదు. నేను కొంగు దోపుకుని జనరేటర్ కింద పాకి వెతికాను. వెనక వైపు, బెల్టు పక్కన, ఎర్ర గుడ్డ చుట్టి ఉంది. తీసి తుడిచి దాని ఆకారంలో పెట్టాను. గాజు మీదికి మాత్రం నా చెయ్యి పోలేదు.

"తీస్కో బిడ్డా" అంది మరియమ్మక్క.

"నేను ముట్టొద్దక్కా. అది అన్న బిళ్ల."

ఆమే ముందుకొచ్చింది. తన చేత్తోనే గాజు తీసి, కొంగుతో నూనె తుడిచి, నా కుడి చేతికి తొడిగింది. సంతకం పెట్టే చెయ్యి అదే. ఈ ఉద్యోగంలోనూ అప్పుడప్పుడు ఎవరో ఒకరు వచ్చి, చూడని లిఫ్టుకు సంతకం పెట్టమంటారు, ఇంత ఎవరు చూస్తారు మేడమ్ అంటారు. పెన్ను పక్కన పెట్టి, పదండి చూద్దాం అని లేస్తాను.