జూరకాన్‌కు వేవిళ్లు

గుర్రప్పాలు పులియబెట్టడంలో ఆ కొండ మేతబయళ్లలో జూరకాన్‌ను మించినవాళ్లు లేరు. నోరు కూడా ఆ పాలంత ఘాటు. పెళ్లయి ఏడాదైనా కోడలు మీర్గుల్ కడుపు పండలేదని పక్క గుడారం సబీరా దెప్పితే, ఆ సబీరాను దుమ్మెత్తిపోసింది.

అలాంటి మనిషికి ఈ వేసవిలో పాలతిత్తి మూత తీస్తే చాలు, కడుపులో తిప్పేది. రొమ్ముల్లో సలపరం, కూర్చున్నచోటే కునుకు. ముట్టు తప్పితే ఈడు ముదిరిందనుకుంది. లోయలో నర్సమ్మ పరీక్షచేసి నవ్వింది. లోపలున్నది కందిబేడంతేనట. కాళ్లూ చేతులూ ఇంకా మొగ్గలేనట, గుండె మాత్రం టకటకా కొట్టుకుంటోందట.

“మొహమింకా రాలేదు, పెత్తనం మాత్రం వచ్చేసింది దీనికి,” అని జూరకాన్ గొణుక్కుంది. కోడలొచ్చిన ఇంట్లో అత్త నీళ్లోసుకుందంటే నలుగురూ నవ్వరూ! సిగ్గుతో చచ్చిపోయి మొగుడికి తప్ప ఎవరికీ చెప్పలేదు.

నాలుక ఊరుకుంటేగా! సబీరా ఎండబెట్టే పుల్లటి పెరుగుండల మీదికి ప్రాణం లాగింది. వేవిళ్ల మనిషి అడిగితే అక్కడ ఎవరూ లేదనరు. తానడగలేక కోడల్ని పంపింది. ఇంకేముంది, మీర్గుల్ కడుపుతో ఉందని సబీరా సాయంత్రానికల్లా చాటేసింది. మీర్గుల్ కాదంటే సిగ్గనుకున్నారు. దెప్పినందుకు లెంపలేసుకుని సబీరా గొర్రెను కోసి అందర్నీ విందుకు పిలిచింది.

విందులో గిన్నెడు పెరుగుండలు మీర్గుల్ ఒళ్లో పెట్టింది. మీర్గుల్ తల వంచుకుంది. జూరకాన్ అది చూసింది. చలికాలానికి పొట్ట కనపడకపోతే ఇవే నోళ్లు ఈ పిల్లను బతకనిస్తాయా?

“ఇటు తే ఆ గిన్నె. కడుపు దానిది కాదు, నాది.”

మొగుడికి టీ పొలమారింది. గుడారమంతా నవ్వులే.

“ఈ వయసులో ఇదేం పనే?” అంది సబీరా కళ్లు తుడుచుకుంటూ.

“నన్నొక్కదాన్నే అడుగుతావేం? ఆయన్నీ అడుగు.”

నవ్వులు ఆగాక మీర్గుల్ అత్త పక్కన చేరింది. కోడలి తొలిచూలు బిడ్డను అత్త తీసుకుని పెంచుకోవడం వాళ్ల ఆనవాయితీ.

“నా మొదటి బిడ్డను నువ్వు తీసుకుంటావు కదా అత్తా,” అంది మెల్లగా. “అంతవరకూ నీ ఆఖరిదాన్ని నాకియ్యి.”

జూరకాన్ గిన్నెను ఇద్దరి మధ్యకూ జరిపింది.