పంచనామాలో మొదటి సంతకం

మన కోర్టుల్లో జ్యూరీ ఎప్పుడో పోయింది. దానికి దగ్గరగా మిగిలింది శవ పంచనామా ఒక్కటే అనుకుంటాను. పోలీసులు నలుగురైదుగుర్ని పిలిచి, ఈ మనిషి ఎలా, ఎందుకు చనిపోయాడని అడుగుతారు. వాళ్ల అభిప్రాయం కాగితం మీద రాసి సంతకాలు తీసుకుంటారు. నేనూ ఒకసారి కూర్చున్నాను. కూర్చోకపోయి ఉంటే ఎంత బాగుండేదో.

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులు. దిల్‌సుఖ్‌నగర్‌లో వారంలో సగం రోజులు షట్టర్లు దించే ఉండేవి. చైతన్యపురిలో మా వీధి చివరి హాస్టల్లో ఉండి గ్రూప్స్‌కు చదువుతున్న కుర్రాడు ప్రాణం తీసుకున్నాడు. ఎల్‌బీ నగర్ కోర్టుకు నల్లకోటు వేసుకుని బయల్దేరుతున్న నన్ను ఎస్సై ఆపి, "మీరుంటే పని పద్ధతిగా అవుతుంది సార్" అన్నాడు. పొంగిపోయాను.

దవాఖానలో మార్చురీ ముందు కుర్రాడి తండ్రి నిలబడి ఉన్నాడు. పోచంపల్లి దగ్గర చీరలు నేసే మనిషి, వేళ్లకు ఇంకా రంగు ఉంది.

"పొద్దుగాల ఫోన్ చేసిండు సార్. నాయినా, తెలంగాణ కోసం పోతున్న, ఏడ్వకు అన్నడు. గదే రాయుండ్రి" అన్నాడు.

నాతోపాటు పిలిచిన నలుగురూ మా కాలనీవాళ్లే. రాద్దామన్నారు. నేను నోరు మూసుకోవచ్చుగా!

"ఉత్తరం ఏమైనా ఉందా? ఫోన్లో విన్న మాట సాక్ష్యం కాదు" అన్నాను.

"వకీలు సాబ్ చెప్పినంక ఇంకేంది" అన్నాడు కిరాణా దుకాణం ఆయన. మిగతా ముగ్గురూ తలూపారు. 'కారణం తెలియరాలేదు' అని రాయించి, మొదటి సంతకం నేనే చేశాను.

మర్నాడు స్నానం చేస్తుంటే గుర్తొచ్చింది. చనిపోయినవాడు తన చావు గురించి చెప్పిన మాటను చట్టమే సాక్ష్యంగా ఒప్పుకుంటుంది. లా కాలేజీ పిల్లలకు కూడా తెలిసిన సెక్షన్. మాది గుంటూరు వైపు. రాష్ట్రం విడిపోకూడదని రోజూ ఇంట్లో గొంతు చించుకునేవాణ్ని. ఆ సెక్షన్ మరిచిపోయానా, కావాలనే మరిచిపోయానా? ఇప్పటికీ తెలీదు. స్టేషన్‌కు వెళ్లి తప్పు ఒప్పుకోవచ్చు. పరువు పోతుందని వెళ్లలేదు.

రాష్ట్రం వచ్చింది. ఉద్యమంలో చనిపోయిన అమరుల పేర్లు ప్రభుత్వం రాసుకుంటోందని తెలిసి, ఆ తండ్రి పంచనామా జిరాక్సు పట్టుకుని కోర్టు పక్కనున్న నా ఆఫీసుకే వచ్చాడు. నన్ను గుర్తుపట్టలేదు. చదివి చెప్పమంటే చదివాను.

"నేను చెప్పిన సార్, కొడుకు మాట. గాడ ఒక వకీలు సాబ్ ఉండె, రాయొద్దన్నడు. చదువుకున్నాయన, ఎరుక లేక అంటడా?"

"ఆ వకీలును నేనే" అన్నాను. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"అయితే మంచిదాయె. మా పోరడు చెప్పింది గా దినమే మీరు నా నోట విన్నరు గద. గిప్పుడన్న రాయుండ్రి సార్."

రాశాను. నా తప్పుతో సహా అఫిడవిట్ రాసి, అమరుల జాబితా కోసం ఆయన పెట్టే దరఖాస్తుకు జత చేశాను. కొన్ని నెలలకు జవాబు వచ్చింది. పంచనామా ప్రకారం కారణం తెలియరాలేదు కనుక పరిశీలించలేమని. కబురు చేస్తే ఆయన బస్సెక్కి వచ్చాడు. ఆ వాక్యం కూడా నేనే చదివి వినిపించాను.