పేచీ బాబాయి నిచ్చెన

మా పేటలో ఎవరు ఇల్లు ఖాళీ చేసినా, సరిగ్గా సామాను లారీకెక్కే వేళకు వచ్చి గొడవ పెట్టుకోవడం మా పేచీ బాబాయి అలవాటు. మామూలు రోజుల్లో నోట్లో నాలుక లేని మనిషి. నీళ్ల మోటార్లు బాగుచేసుకుంటూ, ఒంటరిగా, ఎవరి జోలికీ పోకుండా బతికేవాడు. లారీ హారన్ వినపడితే మాత్రం పూనకం వచ్చేది.

నేను పలక పట్టిన ఏడాది ఎవరో వచ్చి మా గోడల మీద ఎర్రరంగు గుర్తులు వేసి, ఇక్కడ విమానాశ్రయం వస్తుందన్నారు. నాకు పెళ్లీడు వచ్చింది గాని విమానం రాలేదు. రోడ్డు వెయ్యమంటే "ఎలాగూ పోయే పేటేగా" అనేవారు. బడికి పైకప్పు అడిగినా అదే జవాబు. పెచ్చులూడిన గోడకు సున్నం కొట్టించడానికి మాకే మనసొప్పేది కాదు. ఒక్కో ఇంటికీ తాళం పడుతుంటే సాయంత్రాలు వీధిలో నడవాలంటే దిగులేసేది.

మొదట వెళ్లింది దర్జీ. కుట్టుమిషన్ లారీలో పెట్టించి, కొట్టు తలుపు పట్టుకుని ఏడుస్తున్నాడు. బాబాయి పాత ప్యాంటు ఒకటి చంకన పెట్టుకుని వచ్చాడు.

"దీనికో కాలు పొట్టిగా కుట్టావు. సరిచేసి కదులు."

"పొడుగు నీ కాలయ్యా! నా ప్యాంటుకేం రోగం?"

దర్జీ ఏడుపు మరిచిపోయి తిట్టుకుంటూ లారీ ఎక్కాడు.

తరవాత రిటైరైన మాస్టారు. ఎవరినీ పల్లెత్తు మాట అనని పెద్దమనిషి.

"మీ కోడి ఇన్నేళ్లూ నా నిద్ర పాడుచేసింది. దానిచేత క్షమాపణ చెప్పించి వెళ్లండి," అన్నాడు బాబాయి.

"నువ్వు లేచిందెప్పుడురా? నిన్ను లేపలేక దాని గొంతే బొంగురుపోయింది!" అని మాస్టారు వీధి దద్దరిల్లేలా అరిచారు.

"వెళ్లేవాళ్లను మంచిగా సాగనంపడం కూడా చేతకాదు ఈ మనిషికి," అని అమ్మ ఈసడించుకునేది.

చివరికి మా వంతు వచ్చింది. అమ్మ గడప మీద కూర్చుని లేవనంది. నాన్న పోయింది ఆ ఇంట్లోనే. "నేను రాను. ఆ విమానాలేవో నా మీదే దింపుకోమను," అంది. పొద్దున్నుంచి మంచినీళ్లు ముట్టలేదు. వీధి చివర ఇళ్లు కూల్చే యంత్రాలు మోగుతున్నాయి. నేనెంత బతిమాలినా కదల్లేదు.

అప్పుడు వచ్చాడు బాబాయి. లారీకి కట్టిన మా నిచ్చెన విప్పుతూ, "వదినా, ఇది నాది. పట్టుకుపోతున్నా," అన్నాడు.

"నీదెప్పుడయ్యింది? మీ అన్నయ్య చేతులారా చేసింది!"

"మేకులు నావి."

"అయితే మేకులు పీక్కో!"

"పీకితే ఇంక నిచ్చెనేముంది? అందుకే మొత్తం నాదంటున్నా."

అమ్మ కొంగు దోపి లేచింది. నిచ్చెన లాక్కుని లారీలో పడేసి, మళ్లీ పట్టుకుపోతాడని తనూ ఎక్కి దాని మీద కూర్చుంది. "పోనీవయ్యా!" అని డ్రైవరును కసిరింది. దారి పొడుగునా తిట్టి, ఆ కోపంలోనే కడుపునిండా అన్నం తింది.

కొత్త ఇంట్లో చెయ్యెత్తితే పైకప్పు తగులుతుంది. నిచ్చెనతో పనేం లేదు. దాన్ని చూసినప్పుడల్లా అమ్మ బాబాయిని తిట్టేది. ఓరోజు తిడుతూ తిడుతూ ఆగిపోయింది.

"ఒరే, నేను ఆ గడప ఎప్పుడు దాటానో నాకు గుర్తే లేదురా."

లేచి వెళ్లి నిచ్చెన మీది దుమ్ము కొంగుతో తుడిచింది.

ఆ వారమే దర్జీ ఫోను చేశాడు. పేటలో బాబాయి ఒక్కడే మిగిలాడట. గడప మీంచి లేవడం లేదట, ఎవరు బతిమాలినా పలకడం లేదట.

"నిచ్చెన ఎత్తు," అంది అమ్మ.

అద్దె వ్యానులో వెళ్లాం. వీధంతా ఇటుకల గుట్టలు. బాబాయి పనిముట్ల సంచి ఒళ్లో పెట్టుకుని ఎటో చూస్తున్నాడు. నాకు ఏడుపొచ్చింది. అమ్మ మాత్రం నిచ్చెన తెచ్చి అతని ముందు దబ్బున పడేసింది.

"ఏమయ్యా, నీ మేకులు తుప్పుపట్టాయి. నిన్న నా నడుం విరిగేది!"

బాబాయి మెల్లగా తలెత్తాడు. "తుప్పా? నా మేకులకా?"

"నీ మేకులకే!"

"నీ కళ్లకు పట్టింది వదినా తుప్పు!" అంటూ సుత్తి తీసుకుని లేచాడు.

"ఇక్కడ కాదు. మా ఇంటికొచ్చి కొట్టు," అని అమ్మ నిచ్చెన ఒక కొస పట్టుకుని నడిచింది. బాబాయి రెండో కొస పట్టుకుని, వాదిస్తూ, గడప దాటి వ్యాను దాకా వచ్చేశాడు.

ఆ స్థలంలో ఇంతవరకు విమానమేదీ దిగలేదు. బాబాయి మా పక్క వాటాలోనే ఉంటున్నాడు. నిచ్చెన ఎవరిదో ఇంకా తేలలేదు.