మిరపకాయల బస్తాలో మా రేడియో స్టేషను

ఈ సాయంత్రం మా కాలేజీ హాస్టల్ రేడియోకు నూకలు చెల్లాయనుకున్నాను. పాత వాల్వులతో మేమే కట్టుకున్న స్టేషను అది, బ్రాడీపేట దాకా వినిపిస్తుంది. లైసెన్సు మాత్రం లేదు. నేను వార్తలు చదువుతుండగా వైర్‌లెస్ ఇన్‌స్పెక్టరు గేటు దాటాడని కబురొచ్చింది. నాతో కలిసి స్టేషను నడిపే మస్తాన్ వలీ ట్రాన్స్‌మిటర్‌ను మైకుతో సహా మెస్సువాళ్ళ ఎండు మిరపకాయల బస్తాలో దాచి, పక్కనే కాపలా కూర్చున్నాడు. దాన్ని ఆపడం ఇద్దరం మరిచిపోయాం.

నన్ను వార్డెన్ గారి గదికి పిలిచారు. "మా పిల్లలకు అలాంటివి తెలియవండీ" అంటున్నారాయన. ఇంతలో వేడి వాల్వుల మీద కాయలు మాడి, ఘాటు గదిలోకి కమ్ముకొచ్చింది. ఇన్‌స్పెక్టరు ముక్కుకు రుమాలు అడ్డుపెట్టుకున్నాడు.

"ఆదివారం సాయంత్రం మెస్సు ఉండదు కదండీ, ఈ తాలింపెవరిది?"

అప్పుడే వార్డెన్ గారి బల్లమీది రేడియోలోంచి మూడు తుమ్ములు, వెనకే మస్తాన్ గొంతు: "ఒరేయ్, ఆయన పోయాడా?"

ఇన్‌స్పెక్టరు రేడియో మీదికి వంగి, "ఇంకా లేదు నాయనా" అన్నాడు.

ట్రాన్స్‌మిటర్ ఆయనతో వెళ్ళిపోయింది. అందుకే ఈ వార్త నోటీసు బోర్డు మీద రాస్తున్నాను. వార్డెన్ గారు ఎన్నాళ్ళుగా మా స్టేషను వింటున్నారో తెలిసినవాళ్ళు కింద రాయండి. పెన్సిలు దారానికి కట్టి ఉంది.