గోళీల సీసా

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఇప్పుడూ లేదు. మాది చర్చికెళ్ళే కుటుంబం. చిన్నప్పుడు ఆ మాటెత్తితే మా అమ్మ చెప్పు తీసేది. కాబట్టి దెయ్యం కథ అనుకుని చదవకండి. జరిగింది జరిగినట్టు చెబుతాను, అంతే.

ఫోటో స్టూడియోలన్నీ డిజిటల్లోకి మారిపోతున్న రోజులవి. మా అక్క భర్త, అంటే మా బావ, అనకాపల్లి బెల్లం మార్కెట్లో గుమాస్తా. ఫోటోలంటే పిచ్చి. పెరట్లో వాడని స్నానాలగదికి కిటికీ మూసేసి డార్క్‌రూమ్ చేసుకున్నాడు. బ్లాక్ అండ్ వైట్ రీళ్ళు అక్కడే కడిగేవాడు. నేనూ ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

ఫోటోలు కడిగే మందుల విషయంలో మాత్రం మహా చాదస్తం. కూల్‌డ్రింకు సీసాలో పోస్తే ఊరుకునేవాడు కాదు, పిల్లలు తాగేస్తారని. ముదురు రంగు గాజు సీసాలు, వాటి మీద పేరు, 'విషం' అన్న చీటీ, పిల్లలకందని పై అర. రీలుని కడిగే డెవలపర్ సీసాలో సగం వాడితే, మిగతా సగం మీద గాలి నిలవకూడదని గోళీలు వేసేవాడు. మందు మూతిదాకా పైకొచ్చాకే మూత బిగించేవాడు. గోళీల డబ్బా పక్కనే ఉండేది.

"సలికి అడుగున గడ్డకట్టిందనుకో, ఏడినీళ్ళలో ఎడితే బతుకుతాది బామ్మర్దీ. గాలి తగిలి నల్లబడిందా, ఇంక బతకదు" అనేవాడు.

ఆ గదిలోనే గుండెపోటొచ్చి పడిపోయాడు. అప్పుడు సీసాలో మందు సగమే ఉంది. మూతైతే పెట్టాడు గానీ గోళీలు వేయలేదు.

ఆ ఉదయమే అక్క జీవితంలో మొదటిసారి కెమెరా పట్టుకుని బావని ఫోటో తీసింది. అందరికీ ఫోటోలు తీసిన మనిషికి పెళ్ళినాటిది తప్ప తనదంటూ ఒక్క ఫోటో లేదు. ఆ రీలు కెమెరాలోనే ఉండిపోయింది. కొన్ని నెలలు పోయాక అక్క నా చేతిలో పెట్టింది. "మీ బావ మొకం మర్సిపోతన్నానేమో అని బయ్యంగా ఉంది రా" అంది.

విశాఖపట్నంలో తిరగని షాపు లేదు. డెవలపర్ పొడి దొరకలేదు. కలర్ ల్యాబులవాళ్ళు బ్లాక్ అండ్ వైట్ రీలు మాకొద్దన్నారు. ఇక దిక్కు ఆ సగం సీసాయే.

గ్లౌజులు తొడుక్కుని కొంచెం గ్లాసులో వంచి చూశాను. టీ డికాక్షన్ రంగు. పరీక్షకి, వెలుతురు తగిలిన పాత ఫిల్మ్ ముక్క ముంచాను. మందులో చేవుంటే అది బొగ్గులా నల్లబడాలి. ఎంతసేపున్నా ఉలకలేదు పలకలేదు. అక్కకి చెప్పాను. ఏడ్చింది. తలుపుకి తాళం వేసి తాళంచెవి మొలతాడుకి కట్టుకున్నాను.

మర్నాడు పొద్దున్నే ఆ పాడు మందు పారబోద్దామని తలుపు తీశాను. సీసా పైకెత్తబోతే బరువుగా ఉంది. మూతిదాకా గోళీలు. పక్కన డబ్బా ఖాళీ.

అక్క పనే అనుకున్నాను. కానీ ఆ మందులంటే దానికి భయం, సీసా ముట్టుకోదు. ఆ గదికి ఉన్నది ఒకటే తాళంచెవి. సరే, ఎవరో వేశారనే అనుకుందాం. గ్లాసులోకి వంచితే మందు మంచినీళ్ళలా ఉంది! గోళీలు గాలిని ఆపుతాయి గానీ, చెడిపోయినదాన్ని బాగుచేయవు. ఫిల్మ్ ముక్క ముంచాను. చూస్తుండగానే నల్లబడింది.

వెంటనే రీలు కడిగాను. చివరి ఫ్రేములో బావ ఉన్నాడు. లుంగీ, బనీను, చేతిలో టీ గ్లాసు. "అలా కాదే, ఇలా పట్టుకో" అని అక్కకి చెబుతున్నట్టు చెయ్యి ముందుకు చాపాడు.

ప్రింటు చేతికిస్తే అక్క గుండెలకి హత్తుకుని భోరుమంది. గోళీల సంగతి చెప్పాను. అక్కకి ఆశ్చర్యమే కలగలేదు.

"మీ బావ ఏ పనైనా సగంలో వగ్గేసేరేట్రా ఎప్పుడైనా?" అంది.

ఆ సాయంత్రానికి, మూతిదాకా గోళీలున్నా, మందు మళ్ళీ డికాక్షన్ రంగుకి తిరిగింది. గాలి తగిలిన మందు బతకదు. బావ చెప్పిన ఆ మాట నేనిప్పటికీ నమ్ముతాను. ఆ పొద్దున సీసాలో ఉన్నదేమిటో మాత్రం నాకు తెలీదు.